సద్దుల చెరువులో దశరథం ఓడ

మా సూర్యాపేట నుంచి సముద్రం ఎంత దూరమో నాకు తెలియదు. మా బజారులో ఇంకెవరికైనా తెలుసని కూడా నేననుకోను. అలాంటి ఊళ్లో, పొద్దస్తమానం బియ్యం దుకాణంలో కూర్చునే దశరథం అనే నేను, మూడు తెరచాపల చెక్క ఓడ చేశానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ నవ్వలేదు, అదీ నా బాధ.

ఇది ఎనభయ్యేడులోనో ఎనభయ్యెనిమిదిలోనో జరిగింది. ఎరువుల కంపెనీవాళ్లు పంచిన క్యాలెండర్ మీద ఓడ బొమ్మ ఒకటి ఉండేది. నాకు దాని మీద మనసు పడింది. బొమ్మను టేపుతో కొలిచి, ప్రతి కొలతనూ అదే లెక్కన పెంచి, మూరన్నర ఓడకు ముగ్గు వేసుకున్నాను. టీ పొడి వచ్చే పెట్టెలు తెచ్చి చెక్క చీల్చాను. లోపల పక్కటెముకల్లా బద్దలు నిలబెట్టి, వాటి మీద సన్నటి పలకలు వంచి అతికించాలి. పలకలు వంగాలంటే వేడినీళ్లలో నానాలి. మా ఇంట్లో వేడినీళ్లంటే స్నానాల కాగులోవే. ఆ ఎండాకాలమంతా మా ఆలుమగలిద్దరమూ టీ వాసన కొడుతూ తిరిగాం.

క్యాలెండర్‌లో ఓడ ఒక పక్కే కనబడేది. మా ఆవిడ భాగ్యవతి ముందు అక్కడే పట్టుకుంది.

"అవుతలి దిక్కు ఏముంటదండీ?"

"ఇటున్నదే అటుంటది."

"మీకెట్ల ఎరుక?"

"మనిషికి రెండు చెవులు ఒక్క తీరు లేవానే?"

"మనిషికి గుండె ఒక్క దిక్కే ఉంటది," అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఓడ ఒళ్లు పూర్తయ్యాక తెరచాపలు కట్టడానికి స్తంభాలు కావలసివచ్చాయి. గుండ్రంగా, నున్నగా, బాగా ఆరిన కర్ర కావాలి. అలాంటి కర్ర మా ఇంట్లో వంటింట్లో తప్ప లేదు. మొదట కవ్వం మాయమైంది.

"ఏందండీ, కవ్వం కనవడ్తలేదు?"

"కోతులెత్తుకపోయినయేమో."

"కోతికి కవ్వమెందుకు?"

"మజ్జిగ చేసుకుంటదేమో, ఎండలు ముదిరినయ్ గద."

కొన్నాళ్లకు అప్పడాల కర్ర వెళ్లింది.

"గిది గూడ కోతేనా?"

"ఉత్త మజ్జిగ మింగుడు వడ్తదానే? నంజుకోను అప్పడమన్న వద్దా?"

పప్పుగుత్తి మాయమైన రోజు ఆమె నన్నేమీ అడగలేదు. తిన్నగా ముందు గదిలోకి వచ్చి ఓడను చూసింది. కవ్వాన్ని నేను తలకిందులుగా పాతాను. దాని తల పైకి ఉంటే కావలివాడు కూర్చునే గంపలా అందంగా ఉంటుందని నా ఉద్దేశం. భాగ్యవతి ఆ గంపను చాలాసేపు చూసి, తరువాత నన్ను చూసింది.

"ఈ కోతికి తోక ఎన్నడూడిందో!" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పు పలుకులు పలుకులుగానే వచ్చేది. పెరుగులో నీళ్లు పోసి మజ్జిగ అనుకోమనేది. షోకేసు మీద ఓడ ఎక్కింది, అక్కడున్న స్టీలు సామాను మంచం కిందికి దిగింది. నేను అన్నిటికీ ఓర్చుకున్నాను. కళాకారుడికి ఇంట్లో తిండి సరిగా పెట్టరని ముందే విని ఉన్నాను.

సద్దుల బతుకమ్మ పండుగకు కోదాడ నుంచి మా మరదలు పుష్పలత, ఆమె భర్త సాంబమూర్తి వచ్చారు. ఈ సాంబమూర్తి ఎప్పుడో ఒకసారి బందరు వెళ్లి సముద్రం చూశాడు. అప్పటి నుంచి ఆ సముద్రాన్ని తనే తవ్వించినట్టు మాట్లాడతాడు. మేం చాటున అతణ్ణి బందరు సాంబమూర్తి అంటాం. మా పెళ్లిళ్లలో, పేరంటాల్లో అతని సముద్రం ముందు మా ఇంటివాళ్లెవరి నోరూ లేవదు. నిజం చెప్పాలంటే నేను ఓడ మొదలుపెట్టిందే అతణ్ణి ఒక్కసారి నోరు మూయించాలని.

అతను ఓడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"బాగానే ఉందండి అన్నయ్యగారూ. తేలుద్దాండి?"

"ఎందుకు తేలదు?"

"కాదండి, తేలకపోతే దాన్ని ఓడనరండి, బొమ్మంటారు. బందరులో నేను చూశాను కదండి..."

బందరు మాట వినగానే నాకు ఒళ్లు మండింది. "రేపు సద్దుల చెరువు కాడ ఊరందరి ముందర ఇడుస్త. కండ్లు పెద్దగ చేసుకోని సూడు తమ్ముడూ!" అనేశాను.

అప్పుడే గునుగు పూల కోసం వచ్చిన పక్కింటి జానమ్మ ఆ మాట విన్నది. జానమ్మ విన్నదంటే ఊరికి దండోరా వేసినట్టే. సాయంత్రానికి మార్కెట్‌లో హమాలీలు నా దుకాణం ముందు ఆగి, "సేటూ, ఓడల ఎన్ని బస్తాలెయ్యమంటవ్?" అని అడిగారు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. ఓడ మునిగితే ఇక్కడి నుంచి కోదాడ దాకా నా పరువు కూడా మునుగుతుంది.

మర్నాడు మధ్యాహ్నం సాంబమూర్తి భోంచేసి గుర్రుపెట్టగానే, ఓడను పెరట్లోకి తీసుకుపోయి నీళ్ల గోళెంలో పెట్టాను. అది ఎడమ పక్కకు తిరిగి బర్రెలా పడుకుంది. లేపాను. కుడి పక్కకు తిరిగి పడుకుంది. రెండు పక్కలా ఒకేలా పడింది, ఆ విషయంలో మాత్రం నా లెక్క తప్పలేదు.

"దానికి నిద్రొస్తున్నట్టున్నది," అంది వెనక నుంచి భాగ్యవతి. ఒడినిండా తంగేడు పూలు.

"నవ్వకే! సాంబమూర్తి ముందర ఇజ్జత్ పోతది. జర ఏమన్న జెయ్యవే!"

"నేను జెప్పినట్టు ఇంటరా?"

"ఏం జెప్పినా ఇంట."

"ముందుగాల నా సామాను తీయుండ్రి."

కవ్వం, కర్ర, గుత్తి మూడూ ఆమే పీకి పక్కన పెట్టింది. వాటి చోట ఎండిన జొన్న దంట్లు గుచ్చి, నా పాత ధోతి తెరచాపలు మళ్లీ వాటికే కట్టింది. తరువాత దుకాణంలో ఏనాడో మూలపడ్డ పాత సేర్ల తూకపురాళ్లు తెప్పించి ఓడ అడుగున వరసగా పేర్చింది.

"అడుగున సక్కగ కూరకపోతె బియ్యం బస్తన్న నిలవడ్తదా? పైనేమో ఇంతింత కట్టెలు, కిందేమో ఉత్తగ! గిన్నేండ్లసంది దుకాణం జేస్తున్నరు, గీ ముచ్చట ఎరుకలేదా?"

గోళెంలో పెట్టాం. ఓడ నిటారుగా నిలబడింది. చేత్తో తోస్తే ఊగి మళ్లీ నిలబడింది. నేను పెరట్లో చిన్నపిల్లవాడిలా గంతులేశాను.

"ఇగ దీంట్లనే బతుకమ్మను పేరుస్త," అంది.

"ఎందుకే?"

"ఉత్త ఓడ తీస్కపోతె మగోళ్ల ఆట అంటరు. బతుకమ్మతోని పోతె ఊరంత మొక్కుతది."

మాట సబబుగానే తోచింది. అయినా జాగ్రత్త కోసం ఓడ తోకకు సుతిలి తాడు ఒకటి కట్టాను.

"పూలు నీళ్లల్ల ఇడిసి తాంబాళం ఇంటికి తెచ్చుకుంటరు గద, నా ఓడను గట్లనే గుంజుకొస్త," అన్నాను.

"గట్లనే తెచ్చుకోండ్రి," అంది చాలా మెత్తగా. మా ఆవిడ అంత మెత్తగా మాట్లాడినప్పుడు అనుమానపడాలని నాకప్పుడు తోచలేదు.

చీకటి పడకముందే సద్దుల చెరువు కట్ట ఆడవాళ్లతో, పాటలతో నిండిపోయింది. గునుగు, తంగేడు, బంతి పూలతో మా ఓడ వస్తుంటే జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. బతుకమ్మలన్నీ తాంబాళాల్లో వచ్చాయి, మాది ఓడలో వచ్చింది. ఆట అయిపోయి, పూల మీది పసుపు గౌరమ్మను తీసుకున్నాక భాగ్యవతి ఓడను నీళ్ల మీద పెట్టింది. తాడు నా చేతిలో ఉంది. ఓడ ఒక్కసారి ఒరిగి, సర్దుకుని, నిలబడింది.

"నిలవడ్డది!" అని జానమ్మ అరిచింది.

"ఆగండాగండి!" సాంబమూర్తి ముందుకొచ్చాడు. "తాడేసి బిగబట్టుకుంటే ఏదైనా నిలబడుద్దండి అన్నయ్యగారూ! వదిలి చూపించండి మరి!"

హమాలీలు, జానమ్మ, ఊరు ఊరంతా నావైపే చూసింది. భాగ్యవతి ఒక్కతే ఆకాశంకేసి చూస్తోంది.

"ఇగో తమ్ముడూ, సూస్కో!" అని తాడు వదిలేశాను.

అదే సమయానికి గాలి లేచింది. నా పాత ధోతి పొంగింది. పూల ఓడ తల తిప్పకుండా, ఒరగకుండా, తిన్నగా చెరువు నడిమికి సాగింది. కట్టంతా ఒక్కసారి కేకలు వేసింది. హమాలీలు ఈలలు వేశారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సాంబమూర్తే! సముద్రం చూసినవాడు నా ఓడకు చప్పట్లు కొట్టాడు. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఇంట్లో అనకండి.

కాసేపటికి తాడు కొస కూడా నీళ్లలోకి జారిపోయింది. నేను ప్యాంటు మడిచి ఒక అడుగు నీళ్లలో వేశాను.

"ఏడికి సేటూ?" జానమ్మ గావుకేక పెట్టింది. "సాగనంపిన బతుకమ్మను ఎనుకకు గుంజుకొస్తరా ఎవలన్న?"

"తాంబాళం తెచ్చుకుంటలేరా?"

"తాంబాళం చేతిలకెల్లి ఇడువం గద! నువ్వే ఇడిస్తివి, అందరం సూస్తిమి. ఇగ అది అమ్మదే."

కట్ట మీది ఆడవాళ్లంతా అవునన్నారు. ఇంతమంది ఆడవాళ్లు అవునన్నాక కాదనే మగవాడు సూర్యాపేటలో ఇంకా పుట్టలేదు. మడిచిన ప్యాంటు విప్పుకున్నాను. ఓడ మాత్రం నన్ను పట్టించుకోకుండా ఠీవిగా పోతూనే ఉంది.

మర్నాడు చుట్టాలను కోదాడ బస్సు ఎక్కించడానికి వెళ్లాను. సాంబమూర్తి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒప్పుకుంటున్నానండి. బందరులో కూడా అంత నీటుగా పోయే ఓడను చూళ్లేదండి. తాడు మాట అని మిమ్మల్ని నొప్పించాను, ఏమనుకోకండి. నాకసలు ఆ ఆలోచనే లేదండి. వదినగారే వెనక నుంచి, 'మరిదీ, ఆ తాడు సూస్తున్నవా, ఇడువుమను' అన్నారండి."

బస్సు వెళ్లిపోయింది. నేను బస్టాండు నుంచి ఇంటిదాకా పళ్లు నూరుకుంటూ నడిచాను. దారిపొడుగునా జనం ఆపి ఓడ గురించి అడుగుతూ దండాలు పెడుతుంటే, కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టమైంది. ఎలాగో కొంచెం మిగుల్చుకుని ఇంట్లో అడుగుపెట్టాను.

"తాడు ముచ్చట సాంబమూర్తికి నువ్వే జెప్పినవటనే?"

"ఆఁ, జెప్పిన."

"నా ఓడను పోగొడ్తివి గదనే!"

"ఓడన్నంక పోవాలె గదండీ. ఇంట్లనే కూసుంటె దాన్ని బీరువా అంటరు."

అంతలోనే జానమ్మ మరో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వచ్చే యేడు తమ బతుకమ్మలకు కూడా తలా ఒక ఓడ కావాలట. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందరికీ సరేనంది.