ఆమెన్ ఇమ్మానుయేలు తెరచాప పడవ

వికారాబాద్‌కు సముద్రం లేదన్న సంగతి నాకు తెలియదని మా ఆవిడ చర్చిలోనూ, స్కూల్లోనూ, కూరగాయల మార్కెట్లోనూ చెప్పుకుంటోంది. తెలుసండీ! ఉద్యోగమంతా భూగర్భజలాల ఆఫీసులో చేసినవాణ్ణి. నీళ్లు ఎక్కడ లేవో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

కానీ ఒక్కటి ఆలోచించండి. మూసీ ఎక్కడ పుట్టింది? మన అనంతగిరి గుట్టల్లో. పోయి పోయి ఎందులో కలుస్తుంది? కృష్ణలో. కృష్ణ ఎక్కడికి పోతుంది? సముద్రానికి. అంటే లెక్కప్రకారం మనం సముద్రానికి పైఅంతస్తులో ఉన్నాం. ఈ మాట జ్యోతిరాణికి చెబితే, "అయితే మెట్లు దిగి పో" అంది. ఆమె ప్రైమరీ స్కూలు హెడ్మాస్టరు. ఇంట్లో కూడా గంట ఆమే కొడుతుంది.

నా పేరు ఇమ్మానుయేలు. ఊళ్లో మాత్రం 'ఆమెన్ ఇమ్మానుయేలు' అని అడగండి, లేకపోతే ఇల్లు చూపించరు. మా పాస్టర్ గారి ప్రార్థన కొంచెం పొడుగు. మొదలైన కాసేపటికే నాకు కళ్లతో పాటు బుర్ర కూడా మూతపడుతుంది. అయితే ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ నా నోట్లోంచి 'ఆమెన్' అని కిటికీలు అదిరేలా వస్తుంది. అది అలవాటు. సంఘమంతా దాన్ని విశ్వాసం అనుకుంటోంది. నేను నిద్రపోతున్నానని జ్యోతికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక అసలు గొడవ. మర్పల్లి రోడ్డు మీద మాకొక ప్లాటు ఉంది. అందులో ఇల్లు కట్టాలని ఆమె, ఇప్పుడే ఎందుకని నేను. ఇల్లంటే నాకేం కోపం లేదు. మేస్త్రీ, ఇసుక, సెంట్రింగ్, కరెంటు మీటరు, వీటితోనే భయం. అద్దింట్లో ఉంటే ఆ బాధలన్నీ ఓనరువి కదా!

మా ఓనరు రామచందర్ సేటు. బజారంతా ఆయన్ని మేకుల సేటు అంటుంది. ఆయన గోడకు మేకు కొడితే ఆయన ఛాతీలో దిగినట్టు విలవిల్లాడతాడు. అందుకే మా పెళ్లి ఫోటో ఇన్నేళ్లుగా బీరువా మీద వెల్లకిలా పడుకుని ఉంది. దుమ్ము పట్టి, మా ఇద్దరి వెనక ఏముందో కూడా నేను మరిచిపోయాను.

"నాకు అద్దాల మేడ వద్దు. నా ఇంట్ల, నా గోడకు, ఎవర్ని అడగకుంట ఒక్క మేకు కొట్టుకోవాలె. గంతే" అంది జ్యోతి ఒకరోజు. అంటూ బీరువా మీది ఫోటో వైపు చూసింది. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నా దగ్గర పకడ్బందీ సాకు ఒకటి సిద్ధంగా ఉంది.

"కడదాం. కానీ సిమెంటు, ఇనుము దించినంక ఆడ కాపలా ఎవరుంటరు? తల దాచుకుందామంటే గది లేదు."

"ఇల్లే లేదు, గది ఏడికెల్లి వస్తది?"

"గదే నేను గూడ చెప్తున్న. గది లేంది ఇల్లు ఎట్ల కడతం?"

ఈ సాకు చాలా ఏళ్లు కాపురం చేసింది. నేను రిటైరయ్యేసరికి పాపం దానికీ వయసైపోయింది. ఇంకో కొత్త సాకు కావాలి, అదీ కాస్త పెద్దది.

అప్పుడే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. తెల్లగడ్డం ముసలాయన, ఆయన భార్య, తెరచాప పడవలోనే కాపురం. లోపలే పడకలు, చిన్న వంటిల్లు, బాత్రూము. తీరం వెంట పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. ఓనరు లేడు, మేస్త్రీ లేడు. నా మనసు ఆ క్షణమే లంగరెత్తేసింది. గోవాలో అలాంటిదే పాత పడవ ఒకటి అమ్మకానికి ఉందని కూడా దొరికింది.

"సెకండ్‌హ్యాండ్‌ల ఒక పడవ కొందామనుకుంటున్న" అన్నాను పొద్దున్నే, ఉప్మాలో కరివేపాకు తీసి పక్కన పెడుతూ.

"ఈత వస్తదా?"

"ఈత వచ్చినోనికి పడవ ఎందుకే?"

"కోట్‌పల్లి ప్రాజెక్టుల గింతంత పడవ ఎక్కితేనే నా కొంగు పట్టుకొని ఏసయ్యా ఏసయ్యా అన్నవు."

"అది చిన్నది. అందుకే ఊగింది. గిది సముద్రం మీద తిరిగేటిది."

"తెచ్చి ఏడ పెడ్తవు?"

ఇదే నా ఎత్తు. "మన ప్లాటుల. పాతది గద, రిపేరు చేసుకోవాలె. ఏడాదో, రెండేండ్లో..." అని నసిగాను. ప్లాటు నడిమధ్యలో ఓడంత పడవ కూర్చుంటే పునాది ఎక్కడ తవ్వుతారు చెప్పండి? సముద్రం నాది, ప్లాటు పడవది. ఇల్లు మాటెత్తేవాళ్లు ఉండరు.

జ్యోతి గరిటె ఆపి నా వైపు చూసింది. అగ్గి కురుస్తుందనుకుని ప్లేటు దగ్గరికి లాక్కున్నాను.

"లోపట మనిషి పండుకోవచ్చా?"

"మస్తుగ! రెండు పడకలు."

"బాత్రూము?"

"ఉంది."

"వాన పడితే కారుతదా?"

"సముద్రంల తుఫానుకే కారనిది, వికారాబాద్ వానకు కారుతదా?"

"తాళం పడతదా?"

"పడతది."

"అయితే తెచ్చుకో" అని మళ్లీ ఉప్మా కలపసాగింది.

అంతే! పెళ్లయిన ఇన్నేళ్లలో నేను రెండో చెప్పుల జత కొంటానంటే ఒప్పుకోని మనిషి, పడవకు ఒప్పుకుంది. అక్కడే నేను అనుమానపడాల్సింది. కానీ సంతోషంలో ఉన్నవాడికి అనుమానం పడే తీరిక ఎక్కడిది?

పడవను గోవా నుంచి తెచ్చే పని మా బామ్మర్ది యోబు నెత్తినేసుకున్నాడు. వాడికి తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. వాడి రాళ్లు పెద్ద లారీలో గోవా పోతాయి, లారీ ఖాళీగా తిరిగొస్తుంది.

"ఫికర్ చెయ్యకు బావా. ఆడ రాళ్లు దించుడు, పడవ ఎక్కించుడు. జర పొడుగు, వెడల్పు చెప్పు."

"కొలతలెందుకురా?"

"లారీల పట్టాలె గద బావా" అన్నాడు. వాడి ముందుచూపుకు నేను ముచ్చటపడ్డాను.

పడవ తాండూరు చేరిన రోజు పొద్దున్నే వెళ్లాను. అబ్బ, ఏముందండీ! తెల్లగా, కొనదేలిన ముక్కుతో, పొడుగాటి తెరచాప కొయ్యను విప్పి పక్కన పడుకోబెట్టుకుని, లారీ మీద రాణిలా కూర్చుంది. నేను తెల్లటోపీ పెట్టుకుని పైకెక్కి కూర్చున్నాను. ఫోన్ ఛార్జింగ్ కోసం డ్రైవర్ చంద్రకాంత్ దగ్గర కింద క్యాబిన్‌లోనే వదిలేశాను. ఆ ఒక్క పొరపాటూ చేయకపోతే పూడూరు వాళ్లకు నేను తెలిసేవాణ్ణి కాదు.

పూడూరు పక్కన దామగుండం అడవిలో నేవీ వాళ్ల రాడార్ కేంద్రం వస్తోందని మీకు తెలుసు కదా. సముద్రం లేని జిల్లాలో ఈ నేవీ ఏమిటని అప్పటికే మావాళ్లందరికీ బుర్రలు వేడెక్కి ఉన్నాయి. అలాంటప్పుడు వికారాబాద్ చౌరస్తాలోకి లారీ మీద ఒక పడవ, పడవ మీద తెల్లటోపీ పెట్టుకున్న నేను వచ్చాం.

"నేవీ బండి! జరగుండ్రి, జరగుండ్రి!" అని ట్రాఫిక్ కానిస్టేబుల్ బస్సుల్ని ఆపి, నాకు సెల్యూట్ కొట్టి, లారీని పూడూరు దారికి మళ్లించాడు. చంద్రకాంత్ పోలీసు చెయ్యి ఎటు చూపిస్తే అటు తోలే మనిషి.

"మర్పల్లి! మర్పల్లి దిక్కు!" అని నేను పైనుంచి చేతులూపి అరిచాను. కింద జనం కూడా సంబరంగా చేతులూపారు. ఎవరో 'జై హింద్' అన్నారు. తప్పుతుందా, నేనూ జై హింద్ అన్నాను.

పూడూరులో చాయ్ కోసం ఆపేదాకా చంద్రకాంత్‌కు నా గోడు వినపడలేదు. ఆలోపు ఊరు మొత్తం చుట్టూ చేరింది. శాంతవ్వ అని ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, నడుంమీద చేతులు పెట్టుకుని పైకి చూసింది.

"ఓడ అయితే వచ్చింది. నీళ్లు ఎప్పుడొస్తయి కొడుకా? నా కంది చేను ఎండుతున్నది."

నాకు తెలియకుండానే ఆఫీసు అలవాటు నోట్లోంచి వచ్చేసింది. "పైకి రాసినం అవ్వా."

"మీరు రాస్తనే ఉంటరు" అని ఆమె చీదరించుకుని వెళ్లిపోయింది. లారీ వెనక్కి తిప్పించుకుని ప్లాటు చేరేసరికి సాయంత్రం అయింది.

ప్లాటు దగ్గర షామియానా వేసి ఉంది. కుర్చీలు, సమోసాలు, సంఘం వాళ్లు, పాస్టర్ గారు, క్రేను, పట్టుచీరలో జ్యోతి. నా పడవకు ఇంత స్వాగతం! నా గుండె నిండిపోయింది. పైనుంచి దిగకుండానే అందరికీ వందనాలు చెప్పాను.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు పాస్టర్ గారు. రోజంతా ఎండలో ఉన్నానేమో, తల వంచడమే ఆలస్యం, సుఖంగా జారిపోయాను.

"ప్రభువా, ఈ స్థలములో నీ కుమార్తె జ్యోతిరాణి కట్టబోవు గృహమును దీవించుము..."

"ఆమెన్!" అంది నా నోరు.

"ఆ గృహము పూర్తియగు వరకు ఈ పడవలోనే నివసించి, కావలియుండుటకు సిద్ధపడిన నీ దాసుడు ఇమ్మానుయేలును బలపరచుము..."

"ఆమెన్!"

"ఉదయ సాయంకాలములు గోడలకు నీళ్లు కొట్టబోవు అతని చేతులను..."

"ఆమెన్!"

ఈ మూడో ఆమెన్ ఎంత గట్టిగా వచ్చిందంటే నాకే మెలకువ వచ్చింది. కళ్లు తెరిచి కిందికి చూశాను. ప్లాటంతా తెల్లటి ముగ్గు గీతలు. ఇది హాలు, ఇది వంటిల్లు, ఇవి రెండు గదులు. గేటు పక్కన, మూలకు, కొనదేలిన ముక్కుతో పొడుగాటి గీత ఒకటి. అచ్చం నా పడవ! యోబు వైపు చూశాను. వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు.

కిందికి దిగి జ్యోతి చెవిలో అన్నాను. "ఏందే గిది?"

"పునాది ప్రార్థన. గది ఉంటెనే ఇల్లు అన్నవు. గది తెచ్చినవు. పడకలున్నయి, బాత్రూమున్నది, వానకు కారది, తాళం పడతది. నువ్వే చెప్పినవు."

"నేను ఒప్పుకోలే!"

"మూడుసార్లు ఆమెన్ అన్నవు. సంఘమంత ఇన్నది."

"అది నిద్రల..." అని నాలుక కరుచుకున్నాను.

"ఆగినవేంది? చెప్పు. పాస్టర్ గారూ, మా ఆయన ఏదో చెప్తడంట."

అందరూ నా వైపు తిరిగారు. ఇక చూడండి నా అవస్థ. నిద్రలో అన్నానంటే ఇన్నేళ్ల ఆమెన్‌లన్నీ కొట్టుకుపోతాయి. మేలుకొని అన్నానంటే నేను వాచ్‌మన్‌ని. పాస్టర్ గారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇమ్మానుయేలు గారూ, భార్య ఇంటి కోసం ఇంత త్యాగమా! ఆ మూడో ఆమెన్‌కు నా ఒళ్లు జలదరించింది."

"వందనాలండీ" అన్నాను. ఇంకేమంటాను?

క్రేను పడవను తెచ్చి ముగ్గు గీతలో పెడితే వేలెడు అటూ ఇటూ కాలేదు. అది ఒరగకుండా ఆసరాకు యోబు తాండూరు బండలు అప్పటికే తెచ్చి పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి నా సముద్రయానం మొదలైంది. తెరచాప సిమెంటు బస్తాల మీద కప్పారు, వాన చుక్క లోపలికి పోలేదు. తెరచాప కొయ్యను గేటు దగ్గర నిలబెట్టి బల్బు కట్టారు. పడవ వంటింట్లో మేస్త్రీ చాయ్ పెట్టుకుంటాడు, ఆ చాయ్‌లో చక్కెర తక్కువైందని నన్ను కోప్పడతాడు. జ్యోతి పొద్దున్నే స్కూలుకు పోతూ గేటు బయటే స్కూటీ ఆపి, "ఓ కెప్టెన్! గోడలకు నీళ్లు కొట్టినవా?" అని కేక వేస్తుంది. స్లాబు పోశాక పైన మట్టికట్టలు కట్టి నీళ్లు నింపించింది. పాదాలు మునిగేంత లోతు. పైపు పట్టుకుని అందులో నిలబడితే అనంతగిరి గాలికి చిన్న చిన్న అలలు కూడా లేచేవి. ఒడ్డు దగ్గరే ఉంది కాబట్టి నాకు భయం వేయలేదు.

మొన్న గోడలకు ప్లాస్టరింగ్ అయింది. సున్నం కూడా వేయలేదు, జ్యోతి సుత్తి, ఒక మేకు, చీరకొంగుతో తుడిచిన ఫోటో పట్టుకుని వచ్చింది. హాల్లోకి నడిచి, ఫోటో నా చేతికిచ్చి, గోడను అరచేత్తో తడిమి, ఎవర్నీ అడక్కుండా టక్ టక్‌మని మేకు కొట్టింది. కొట్టాక కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ఆమె కళ్లు తడిశాయి. ఇన్నేళ్లు ఈ ఒక్క శబ్దాన్ని నేను వాయిదా వేశానా అని సిగ్గేసింది.

"ఇటియ్యి" అని నా చేతిలోంచి ఫోటో తీసుకుని తగిలించింది. తాండూరు స్టూడియోలో దిగిన పెళ్లి ఫోటో అది. సన్నగా నేను, బిగుసుకుపోయి ఆమె. మా వెనక స్టూడియో పరదా మీద నీలంగా సముద్రం, అందులో తెల్ల తెరచాపతో ఒక పడవ.

"సముద్రం సముద్రమని గోవా దాక ఉరికినవు. గిన్నేండ్లు బీరువా మీదనే ఉండె. మేకు కొట్టనిస్తే ఎప్పుడో కనపడుతుండె" అంది. "ఇంక దీన్ని చూసుకుంట ఈడనే కూసో. సరేనా?"

"ఆమెన్" అన్నాను.

ఈసారి మాత్రం మేలుకొనే అన్నాను.