తెల్లటోపీ ఎదురుకోలు

ఆ ఆదివారం పొద్దున రామేశ్వర్‌రావు పెట్టుకున్న పని చిన్నదే. వాన కాస్త తెరిపి ఇవ్వగానే భార్యను మానేరు డ్యాం దగ్గరికి తీసుకుపోవాలి, నిండిన నీళ్లు చూపించాలి, భోజనాల వేళకు ఇల్లు చేరాలి. అంతే. ఇంతటి పనికి ఒక పెళ్లి బస్సు, వెనక నాలుగు కార్లు, ఒక పోలీసు సెల్యూటు కావలసి వస్తాయని ఏ పంచాంగంలోనూ రాసి లేదు.

వాళ్లది ఇచ్చోడ. కూతురు మధులికకు కరీంనగర్ కాలేజీలో ఉద్యోగం రావడంతో నెల కిందట మంకమ్మతోటలో ఇల్లు కిరాయికి తీసుకుని ముగ్గురూ దిగారు. ఇచ్చోడలో రామేశ్వర్‌రావు తెల్లటోపీ పెట్టుకుని గడప దాటితే హైవే మీద లారీలు కూడా హారన్ కొట్టి దండం పెట్టేవట. ఈ మాట చెప్పేది ఆయనే, సాక్షీ ఆయనే. కరీంనగర్‌కు వచ్చాక ఆ టోపీని పలకరించింది వాన ఒక్కటే. భార్య రుక్మాబాయికి ఆ పలకరింపు కూడా లేదు.

శనివారం అంతా కుండపోత. ఊరు చూడ్డానికని బయలుదేరిన ఇద్దరూ మూలమీది చాయ్ దుకాణం దాకా పోయి, తడిసి, తిరిగి వచ్చారు. తల తుడుచుకుంటూ రుక్మాబాయి తేల్చేసింది.

"నెలాయె. ఒక్క మనిషి మొఖం ఎరుక లేదు. నేను సోమవారం బస్సుకు ఇచ్చోడ పోత."

"ఊరు చూడకుంటనే పోతవా? నాకు ఈ ఊరు మన చేను తీరు ఎరుకే!"

"మన చేన్లనే మీరు తప్పిపోయిన్రు."

"గది పత్తి ఏపుగ పెరిగిన యేడు."

"సరే. రేపు ఎవల్ని తోవ అడగకుండ ఊరంత చూపియ్యిండ్రి. ఒక్కసారి అడిగిన్రా, సోమవారం బస్సుల నా సీటు ఖాయం."

రామేశ్వర్‌రావు మీసం మీద చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. తోవ అడగడమంటే ఆయన దృష్టిలో ఆ మీసం తీసి ఎదుటివాడి చేతిలో పెట్టడమే. పైకి నవ్వాడు గానీ లోపల గుబులే. రుక్మాబాయి పోతే తానూ పోవాలి. కూతురు ఇక్కడ ఒంటరిదవుతుంది. పైగా ఇచ్చోడలో దిగగానే "ఏం రావుసాబ్, పట్నం పడలేదా?" అని అడిగేవాళ్లకు జవాబు ఎక్కడ తేవాలి?

పొద్దున్నే పూజ పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సర్దింది రుక్మాబాయి. నిండిన నీళ్ల దగ్గరికి వట్టి చేతులతో పోగూడదు. సర్దుతూ వంటింట్లోంచి అరిచింది.

"గీ ఎనుక గోడ అవతల పొద్దుగాల్నుంచి మళ్ల డప్పులే! నా గిన్నెలన్ని ఎగురుతున్నయి!"

"డప్పులు కాదే, ఉరుములు. కరీంనగర్ ఉరుములు గిట్లనే తాళం తోటి ఉరుముతయి."

ఆటో ఎక్కారు. ఎక్కడికని డ్రైవర్ అడిగాడు. డ్యాం ఎటుందో తెలిస్తే గదా చెప్పడానికి! "సీదా పో" అన్నాడు రామేశ్వర్‌రావు హుందాగా. ఆటో సీదాగానే పోయింది. డ్యాం ఒక దిక్కున ఉంటే, సరిగ్గా దానికి వీపు తిప్పి, పెద్దపల్లి రోడ్డు మీద ఊరి చివరన దింపి వెళ్లిపోయింది. మళ్లీ వాన అందుకుంది. ఇద్దరూ బస్‌షెల్టర్ కిందికి పరుగెత్తారు.

"డ్యాం ఏది?" అంది రుక్మాబాయి.

"గీ వానల కనవడ్తలేదు గానీ, గదే."

"గది పెట్రోల్ బంకు."

ఆయన జవాబు వెతుక్కునే లోపలే పూలదండలు కట్టిన బస్సొకటి వచ్చి ఎదురుగా ఆగింది. ముందు అద్దం మీద 'అమిత్ వెడ్స్ వందన' అని ఉంది. పట్టుపంచె పైకి పట్టుకుని ఒక పెద్దమనిషి దిగాడు. పెళ్లికొడుకు తండ్రి విద్యాధర్‌రావు. ఆసిఫాబాద్ నుంచి పెళ్లివారిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. ఆడపెళ్లివారు ఊరి పొలిమేరకు వచ్చి, పసుపు కుంకుమలతో ఎదుర్కొని తీసుకుపోవడం రివాజు. పొలిమేర ఇదే. తెల్లటోపీ పెద్దమనిషి ఎదురుగా ఉన్నాడు. పక్కన పట్టుచీరలో ఇల్లాలు, ఆమె చేతిలో పసుపు కుంకుమల పళ్లెం. ఆడపెళ్లివారి పెద్దలని నమ్మడానికి ఇంకేం కావాలి?

"ఇంత వానల గూడ నిలవడ్డరా బావగారూ!" అంటూ రామేశ్వర్‌రావును గట్టిగా అలుముకున్నాడు.

నెల రోజుల్లో ఆయనను ఇట్లా అలుముకున్న మనిషి లేడు. ఆ వెచ్చదనంలో తామెవరో చెప్పడం మరిచి ఆయనా తిరిగి అలుముకున్నాడు. ఈలోగా పెళ్లికొడుకు తల్లి దిగి "వదినే!" అంటూ నుదురు ముందుకు పెట్టింది. ముందుకొచ్చిన నుదుటికి బొట్టు పెట్టకపోవడం రుక్మాబాయికి చేతకాదు. పెట్టింది. దాంతో ఎదురుకోలు పూర్తయింది.

డ్రైవర్ పరశురాములు కిటికీలోంచి తల బయటపెట్టి, "నర్సింహ గార్డెన్ ఫంక్షన్ హాల్‌కు తోవ ఫోన్ల చూస్తున్న సార్" అన్నాడు.

"ఫోన్ లోపల పెట్టు!" కసిరాడు విద్యాధర్‌రావు. "ఎదురుకోలుకు వచ్చిన పెద్దమనిషి ముంగట ఫోన్‌ను తోవ అడుగుతవా? మర్యాద లేదా? బావగారూ, మీరే ముంగట కూసోండ్రి."

తోవ అడగడం మర్యాద కాదన్న మనిషిని రామేశ్వర్‌రావు జీవితంలో మొదటిసారి చూశాడు. కాదనలేకపోయాడు. ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చుని "సీదా పో" అన్నాడు. రుక్మాబాయి కిటికీ పక్కన సర్దుకుంది. హాలు పేరు విన్నప్పుడు ఆమె మూతి కొద్దిగా వంకర పోయింది గానీ, ఎవరూ చూడలేదు.

సీదా పోతే ఊరి పాత ద్వారం కమాను వచ్చింది. ఏదో ఒకటి కనిపించిన ఆనందంలో రామేశ్వర్‌రావు లేచి నిలబడ్డాడు.

"గీ కమాను కిందికెళ్లి మా తాత ఏనుగు మీద తల వంచకుండ పోయిండు!"

బస్సంతా ఆహా అంది. కుడికి తిప్పితే టవర్ సర్కిల్, ఎడమకు తిప్పితే కోర్టు చౌరస్తా, మళ్లీ ఎటో తిప్పితే మళ్లీ కమాను.

"మళ్ల గిదే వచ్చింది?" అన్నాడు విద్యాధర్‌రావు.

"మా తాత అటు పోయినోడు ఇటు రాలేదా మరి?"

ఈలోగా ఆడపెళ్లివారి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లు బ్యాండు మేళంతో ఊరికి ఇంకో పక్క బైపాస్ మీద తడుస్తున్నారు. విద్యాధర్‌రావు పొంగిపోతూ చెప్పాడు. "తెల్లటోపీ పెద్దమనిషి మాకు ఊరంత చూపిస్తుండు. మస్తు మర్యాద!" పెళ్లికూతురు తండ్రి దశరథరావుకు తన వైపు తెల్లటోపీ ఎవరూ గుర్తు రాలేదు. మగపెళ్లివారి తాలూకు పెద్దాయన ముచ్చటపడి ఊరు చూపిస్తున్నాడు కాబోలు అనుకుని, ఎదురు చెబితే అలుగుతాడని భయపడి, "మంచిది బావగారూ, నిమ్మలంగ రాండ్రి" అన్నాడు. బ్యాండును హాలు గేటు దగ్గరికి పిలిపించుకున్నాడు.

దారి తెలియక వానలో నిలిచిపోయిన పెళ్లికార్లు నాలుగు, ఈ పూల బస్సు కనబడగానే ఒక్కొక్కటిగా వెనక చేరాయి. ఏ పెళ్లికి పోవలసిందో, ఒక ఐస్‌క్రీం బండి కూడా చేరింది. మూడోసారి కమాను దగ్గరికి వచ్చేసరికి, ముందు తెల్లటోపీని, వెనక వరసను చూసిన ట్రాఫిక్ పోలీసు ఎవరో పెద్ద లీడరే అనుకుని, అటూ ఇటూ బండ్లు ఆపి సెల్యూటు కొట్టాడు. రామేశ్వర్‌రావు రెండు చేతులూ జోడించాడు. ఇచ్చోడ లారీల హారన్లు ఈ సెల్యూటు ముందు ఏ మూలకు?

"గా ఏనుగు గూడ తోవ మర్చిపోయిందా బావగారూ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన వినపడనట్టు డ్రైవర్‌కు మళ్లీ సీదా చూపించాడు.

అట్లా తిరుగుతూ తిరుగుతూ ఉండగా వాన వెలిసింది, ఎదురుగా నీళ్లు. ఎటు చూసినా నీళ్లే. మానేరు డ్యాం! తానే కట్టించినట్టు చెయ్యి చాచి చూపించాడు రామేశ్వర్‌రావు. ఆడవాళ్లంతా దిగారు. రుక్మాబాయి కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు పసుపు కుంకుమ వేసి, అందరి నుదుళ్లకూ బొట్టు పెట్టింది. "ఎంత ఊరు వదినే! మీరు అదృష్టవంతులు" అంది పెళ్లికొడుకు తల్లి. "అవునే" అంది రుక్మాబాయి, తనకే ఆశ్చర్యంగా.

అప్పుడు మోగింది ఫోన్. ఈసారి పెళ్లికూతురి తల్లి మమతారాణి. మాటలు తక్కువ, ఏడుపు ఎక్కువ.

"ముహూర్తం మీదికొచ్చింది అన్నా! పెండ్లి చేసే అయ్యగారు కుర్చీల్నుంచి లేచి గేటు కాడ నిలవడ్డడు. నా బిడ్డ పీటల మీద పరేషాన్ అయితుంది. ఎక్కడున్నరు?"

విద్యాధర్‌రావు మొహం పాలిపోయింది. "బావగారూ, ఇగ ఏనుగు ముచ్చట వద్దు. హాల్‌కు పోదాం."

పట్టుచొక్కాలో పెళ్లికొడుకు అమిత్ బాసికం సర్దుకుంటూ చూస్తున్నాడు. ఆ చూపు రామేశ్వర్‌రావుకు తగిలింది. మీసం ఒక పక్క, ఎవరి బిడ్డో పెళ్లి ఒక పక్క. రోడ్డు మీద మక్క కంకులు కాల్చే మనిషి కనబడుతున్నాడు. ఒక్క మాట అడిగితే చాలు, కానీ సోమవారం బస్సు. ఆయన అటు ఒక అడుగు వేశాడు, ఆగాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, పెళ్లయిన నాటి నుంచి ఎన్నడూ చేయని పని చేశాడు.

"రుక్మా, జర తోవ చెప్తవా?"

రుక్మాబాయి కొంగు దులుపుకుని బస్సెక్కి డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంది. "మంకమ్మతోటకు పోనియ్యి బిడ్డా. నీళ్ల ట్యాంకు దాటినంక ఎడమకు. మా ఇంటెనుక గోడ అవతలనే గా గార్డెన్. నెల సంది గా బ్యాండుకే నా గిన్నెలు ఎగురుతున్నయి."

అందరూ గబగబా ఎక్కారు, బస్సు కదిలింది.

"ముందుగాలనే ఎరుకనా నీకు?" అన్నాడు రామేశ్వర్‌రావు.

"ఎరుకనే. మీరు అడిగిన్రా? ఊరు చూపిస్తనన్నరు, చూస్తున్న. గడియారం గూడ చూస్తనే ఉన్న, ఫికర్ చెయ్యకుండ్రి."

బస్సు గేటు ముందు ఆగేసరికి ముహూర్తానికి ఇంకా కాస్త వ్యవధి మిగిలింది. బ్యాండు మోగింది, సరిగ్గా పొద్దుటి ఉరుముల తాళంలోనే. పెళ్లికొడుకును లోపలికి ఉరికించాక దశరథరావు చేతులు జోడించి అడిగాడు. "పెద్దలు, మీరు మగపెండ్లోల్ల తరపా?"

"మీ తరపు కాదా?" విద్యాధర్‌రావు నోరు తెరిచాడు.

రుక్మాబాయే జవాబిచ్చింది.

"మేము గోడ తరపు. మీ హాలు ఎనుక గోడ, మా వంటింటి గోడ ఒకటే."

ముందు నవ్వింది మమతారాణి. కళ్లు తుడుచుకుని, రుక్మాబాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "మాది గూడ మంకమ్మతోటనే వదినే, మీ తర్వాత గల్లీ. ఇన్నొద్దులు ఏడున్నరు?" తలంబ్రాలప్పుడు ముందు వరసలో తెల్లటోపీ మళ్లీ తలకెక్కింది. ఎవరిదో తెలియని ఐస్‌క్రీం అందరూ తిన్నారు.

ఇంటికి వస్తూ రామేశ్వర్‌రావు మెల్లగా కదిలించాడు. "నేను పరాయోళ్లను అడగలే. గది లెక్కకు రాదు."

"వస్తది. ఓడిపోయిన్రు."

"అయితే రేపు పోతవా?"

"మంగళవారం మమత వదినె ఇంటికి బొట్టువెట్టి పిల్చింది, ఎట్ల పోత? ఇంకోటి... ఇన్నేండ్లకు మొదటిసారి నన్నొక మాట అడిగిన్రు. ఈ ఊర్ల ఉంటె ఇంకేమేం అడుగుతరో సూడాలె."

సోమవారం ఇచ్చోడ బస్సు రుక్మాబాయి లేకుండానే పోయింది. ఆ పొద్దున మూలమీది చాయ్ దుకాణం దగ్గర ఎవరో కొత్త మనిషి బస్టాండుకు తోవ అడిగితే రామేశ్వర్‌రావు మీసం దువ్వుకుని కమాను మీదుగా చెప్పాడట. ఆ మనిషి ఇంకా ఏనుగు వెంటే తిరుగుతున్నాడు.