బియ్యం సంచి వ్యాయామ రిజిస్టరు

కాగితం మీద నమోదు కాని కండరం కండరమే కాదని, విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయపు సీనియర్ అసిస్టెంటు దేవేంద్ర తన నలభై ఒకటో ఏట తీర్మానించాడు. పదహారేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని అతను నేర్చుకున్న విద్య ఇదొక్కటే: పని జరిగినా జరక్కపోయినా రిజిస్టరు నిండాలి. (కుర్చీ కూడా అతని వల్ల కొంత మారింది. మధ్యలో గుంట పడింది.)

ఈ తీర్మానానికి మూలకారణం రామతీర్థం కొండ. పోయిన మాఘమాసంలో కుటుంబమంతా కొండెక్కుతుండగా, ఐదేళ్ల కూతురు హేమ కాళ్లు నొప్పులని మెట్టు మీద కూలబడింది. దేవేంద్ర నలుగురూ చూస్తుండగా పిల్లను భుజానికెత్తుకున్నాడు. పద్దెనిమిదో మెట్టు దగ్గర కిందికి దించి, రొప్పు కనబడకుండా మొహం పక్కకి తిప్పి, "సూడమ్మా, ఇక్కడ్నుంచి ఎంత బాగున్నాదో" అన్నాడు. పిల్ల చూసింది. కింద ఆగి ఉన్న వ్యాన్లు కనబడ్డాయి. అప్పుడు దేవేంద్ర తల్లి దేముడమ్మ, చేపల గంప నెత్తిన పెట్టుకుని నలభై ఏళ్లుగా వీధులు తిరుగుతున్న మనిషి, మనవరాలిని చంకనేసుకుని పైదాకా పోయింది.

ఆనాటి నుంచి హేమ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, "మా నాన్న ఎత్తలేడు. మా మామ్మ ఎత్తుతాది" అని సమాచారం అందజేస్తూ వచ్చింది. దేవేంద్రకు అది నామోషీగానే ఉంది. కానీ అసలు దిగులు అది కాదు. వచ్చే మాఘానికి పిల్లకి ఆరేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఎత్తుకోమని అడగదు. కూతుర్ని భుజాన వేసుకుని కొండెక్కే అవకాశం అతనికి ఇంకొక్కసారే మిగిలింది. ఆ సంగతి గుర్తొస్తే, ఫైలు ముందు పెట్టుకుని కూడా సంతకం ఎక్కడ పెట్టాలో మర్చిపోయేవాడు.

జిమ్ములో చేరడానికి జీతం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా వేళ లేదు. భార్య సుహాసిని ప్రైవేటు బడిలో టీచరు. సాయంత్రం ఆమె ఇంటికి తెచ్చే నోటు పుస్తకాలు దిద్దడంలో సగం వాటా దేవేంద్రదే. చివరికి ఫోన్లో ఉచితంగా దొరికే యాప్ ఒకటి వేసుకున్నాడు. అది ఎత్తు, బరువు, లక్ష్యం అడిగి, "ఇంట్లో ఉన్న వస్తువులతోనే మొదలుపెట్టండి" అని సెలవిచ్చింది. సర్వీసు మొత్తంలో ఇంత స్పష్టమైన మార్గదర్శకాలు దేవేంద్ర చూడలేదు. కార్తీకం వెళ్లగానే ఫ్రిజ్ తలుపు మీద ఉత్తర్వు వెలిసింది.

"గృహ బలవర్ధక కార్యక్రమం. అమలు అధికారి: దేవేంద్ర. పర్యవేక్షణ అధికారి: దేవేంద్ర. లబ్ధిదారు: దేవేంద్ర. తనిఖీ అధికారి: కుమారి హేమ (తాత్కాలికం). పరికరం: బియ్యం సంచి ఒకటి, ఇరవై ఐదు కిలోలది. స్థలం: డాబా. సమయం: ఉదయం ఐదున్నర."

వాళ్లుండేది మూడంతస్తుల మేడలో కింది వాటా. డాబాకి సంచి చేరాలంటే మూడంతస్తులూ ఎక్కాలి. ఉత్తర్వులో నాలుగో నిబంధన ప్రకారం ఒళ్లు వేడెక్కకముందు లబ్ధిదారు బరువు ముట్టరాదు. ఒళ్లు వేడెక్కించే కార్యక్రమం డాబా మీద. కాబట్టి సంచిని పైకి చేర్చే పని ఆ నిబంధన వల్లనే దేముడమ్మ నెత్తిన పడింది.

"నాను దీన్ని మేడ మీదకి పట్టుకెళ్లి పెడితే, అప్పుడు నువ్వేటి సేస్తావురా?" అని ఆమె అడిగింది.

"ఎత్తుతానమ్మా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఎత్తి దించుతాను."

దేముడమ్మ ఎత్తిన గంపలన్నీ ఎక్కడో ఒక చోటికి చేరినవే. "సర్లే, సదువుకున్నోడివి" అని చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద సంచి పెట్టుకుని మెట్లెక్కింది. వంట వేళకి మళ్లీ దించింది. ఆ తర్వాత తన గంప ఎత్తుకుని చేపలకి పోయింది. ఇలా రోజూ. (ఆమె పేరు రిజిస్టరులో ఎక్కడా లేదు. రవాణాకు వేరే గడి కేటాయించలేదు.)

మొదటి రోజు సంచి దేవేంద్ర మోకాలి దాకా వచ్చి ఆగింది. రిజిస్టరులో రెండే గడులు: ఎత్తెను, ఎత్తలేదు. చాలాసేపు తర్జనభర్జన పడి, ఎత్తెను దగ్గర టిక్కు పెట్టించి, పక్కన సన్నటి అక్షరాలతో "పాక్షికముగా" అని రాశాడు. ఆ టిక్కుకి ముందే, పెన్ను కింద ఇంట్లో ఉండిపోయిందని తేలింది. అమలు అధికారి మధ్యలో స్థలం వదలరాదని ఏడో నిబంధన. అందుకని తనిఖీ అధికారి మూడంతస్తులూ దిగి పెన్ను తెచ్చింది. తర్వాత కళ్లజోడు. తర్వాత మంచినీళ్లు. తర్వాత రబ్బరు స్టాంపు, దాని వెనకే ఇంకు ప్యాడు. ప్రతి రోజూ ఇలా ఒకదాని తర్వాత ఒకటి మర్చిపోవడం దేవేంద్రకు అలవాటు. అది కార్యాలయం నుంచి వెంట తెచ్చుకున్నదే.

పదో రోజుకి సంచి నడుం దాకా వచ్చింది. పద్దెనిమిదో రోజుకి ఛాతీ. ఇరవై నాలుగో రోజున దేవేంద్ర దాన్ని ఒంటి చేత్తో తలపైకి ఎత్తి, అలాగే మెట్లు దిగి వచ్చి సుహాసినికి చూపించాడు. సుహాసిని స్టౌ మీది ఎసరు చూసుకుంటూ, "నెలాఖరు గదా బావా" అంది. ఆ మాటకి అర్థమేమిటో అడిగే ఓపిక ఆ సంబరంలో అతనికి లేదు.

ఒకటో తారీఖున కొత్త సంచి వచ్చింది. మోకాలి దాకా లేచింది. దేవేంద్ర "సాంకేతిక కారణముల వలన" అని రాశాడు. ఆ నెలాఖరుకి మళ్లీ ఒంటి చెయ్యి, తలపైకి. మూడో నెల ఒకటిన మళ్లీ మోకాలు. ఈసారి "శీతాకాలము" అని రాస్తుంటే దేముడమ్మ చూడలేకపోయింది.

"ఒరే నాయినా. ఆ సంచిలో బియ్యం మనమే తింతన్నాం గదరా."

దేవేంద్ర రిజిస్టరు మొదటి నుంచీ తిరగేశాడు. అరవై రెండు రోజులు. అరవై రెండు టిక్కులు. బరువు అనే గడి ఎక్కడా లేదు. ఒక సంచి ఎత్తవలెను అని ఉంది, ఒక సంచి ఎత్తబడింది. ఏ ఆడిట్ వచ్చినా వేలు పెట్టలేదు. తను తయారుచేసిన రికార్డులన్నింటిలోకి ఇది మంచిదని అతనికి అనిపించింది. తను ఉత్త చవటనని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించడం అతనికి కొత్త కాదు.

"పోనీ, పిల్లని ఎత్తుకునే ఎక్కొచ్చు గదా మేడ మెట్లు?" అంది సుహాసిని. "పిల్లయితే తరగదు. రోజురోజుకీ పెరుగుతాది. నువ్వూ దాంతోపాటే గట్టిపడతావు."

పదహారేళ్ల సర్వీసులో దేవేంద్ర విన్న సలహాల్లోకెల్లా తెలివైనది అదే. అతను రాత్రంతా పరిశీలించి, మర్నాడు తిరస్కరించాడు. తనిఖీ అధికారిని పరికరంగా వాడరాదు. అలా వాడితే టిక్కు ఎవరు పెట్టాలి?

"అయితే కొండకి నెలాఖరునే పోదాం" అంది సుహాసిని.

నెలాఖరునే పోయారు. కొండ కింద దేవేంద్ర చేతులూ నడుమూ అన్ని వైపులా తిప్పి ఒళ్లు వేడెక్కించుకున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన పూనకం అనుకుని దండం పెట్టాడు. తర్వాత అతను మొదటి మెట్టు ముందు వంగి, రెండు చేతులూ చాచి, "రా అమ్మా" అన్నాడు. ఏడాదిగా ఈ రెండు మాటల కోసమే అతను బతికాడంటే అబద్ధం కాదు.

"వద్దు నాన్నా. నానెక్కుతాను" అంది హేమ.

ఎక్కింది. మామ్మ చెయ్యి కూడా పట్టుకోకుండా ఎక్కింది. రోజుకి నాలుగైదుసార్లు మూడంతస్తులు దిగి ఎక్కిన కాళ్లకి ఈ మెట్లు లెక్క కాలేదు. సుహాసిని, దేముడమ్మ ఆ పిల్ల వెనకే పోయారు. చాచిన చేతులు దించుకుని దేవేంద్ర కూడా బయల్దేరాడు. భుజం మీద ఎవరూ లేకపోయినా పద్దెనిమిదో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు.

పైనుంచి హేమ చెంగుచెంగున దిగివచ్చింది. "ఏటి మర్సిపోయావు నాన్నా? నాను తెస్తాను, సెప్పు."

దేవేంద్రకు ఊపిరి సరిగా రావడం లేదు. పిల్ల అతని మొహం కేసి చూసింది. పక్కనే నిలబడి, అతని వేలు పట్టుకుని, మెల్లగా అంది.

"సూడు నాన్నా, ఇక్కడ్నుంచి ఎంత బాగున్నాదో."

దేవేంద్ర చూశాడు. పోయినేటి కంటే వ్యాన్లు ఎక్కువున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే తనిఖీ అధికారి, ఎవరూ అడక్కుండానే, పెన్నూ స్టాంపూ తనే తెచ్చుకుని రిజిస్టరు తెరిచింది. ఆనాటి తేదీకి ఎదురుగా, ఎత్తెను దగ్గర టిక్కు పెట్టింది.