కారొచ్చింది, సర్దండి!

ఆ రోజు మైకు వేసుకున్న పథకం చాలా తేలికైనది. పొద్దున్నే బావమరిది దగ్గర కారు తీసుకోవాలి, అటునుంచి అటే పేవ్‌మెంటుకు పోయి తన జనం మధ్య నిలబడాలి. కారంటే కొత్తదేం కాదు, ఎవరో వాడి వదిలించుకున్న ఎస్‌యూవీ. ఇంతకుముందుదీ అలాంటిదే. పోయిన ఊరేగింపులో అది నడిరోడ్డు మీద చచ్చి కూర్చుంటే, చెప్పులు కుట్టేవాళ్ళూ గొడుగులమ్మేవాళ్ళూ కలిసి నాయకుణ్ణి ఇంటిదాకా తోసుకెళ్ళారు.

మైకు అంటే పేవ్‌మెంటు వ్యాపారుల సంఘం అధ్యక్షుడు. గొంతును బట్టి వచ్చిన పేరది. ఆ పొద్దు పేవ్‌మెంటు ఖాళీగా కనిపిస్తే చాలు, ఆక్రమణలు తొలగించే అధికారి ఇనుప కంచె పాతించేస్తాడు. పొట్టకూటి మీద కంచె వేయడానికి వాడికి సిగ్గు లేదు. సాయంత్రానికి కోర్టు స్టే చేతికొస్తుంది. అప్పటిదాకా ఒక్క తోపుడు బండీ కదలకూడదు.

"నల్లద్దాలు బావా! లోపల ఎవడున్నాడో దేవుడిక్కూడా తెలీదు" అన్నాడు బావమరిది, తాళాలిస్తూ.

"ముందెవడు వాడాడ్రా?"

"ఎవడో ఆఫీసరు. నీకెందుకు, ఎక్కు!"

ఎక్కాడు. పాతదాని తలుపు కాలితో తంతేగాని పడేది కాదు, ఇది వేలితో నెడితే మూసుకుంది. స్టీరింగు వెన్నలా తిరుగుతోంది. ఏసీకి పళ్ళు టకటకలాడుతున్నాయి. వీధి మొదట్లో, తానొచ్చానని తెలియాలని హారన్ కొట్టాడు. ఆంబోతు రంకె వేసినట్టు మోగింది.

అంతే. గొడుగులు టపటపా మూసుకున్నాయి. తాళాలు బాగుచేసేవాడు సంచీ ఎత్తుకుని ఉడాయించాడు. మైకు బ్రేకు వేసేలోపు పేవ్‌మెంటు తుడిచిపెట్టినట్టయింది.

"పిరికి సన్నాసులు! అద్దాలకే హడలిపోతారా!" అని లోపలే అరిచాడు. ఫోన్ మోగింది. గొడుగులావిడ.

"అన్నా, వాడొచ్చేశాడు! వెనకసందులో దూరాం. నువ్వెక్కడ చచ్చావ్?"

"అక్కడే ఉండండి! కదిలితే కాళ్ళిరగ్గొడతా. వస్తున్నా!"

వెళ్ళాడు. సందు ఖాళీ.

"అన్నా, సందులోకీ తగలడ్డాడు! మార్కెట్టు వెనక్కి పోతున్నాం!"

"వాడి సంగతి నేను చూస్తా, మీరాగండి!" కారును దూకించాడు.

"ఇంకా జోరుగా వస్తున్నాడన్నా! హారన్ కొడుతున్నాడు!"

"కొట్టనీ! నేనూ కొడుతున్నా!"

మార్కెట్టు వెనక ఒక్క దువ్వెనల బండి మిగిలింది. చక్రం గుంతలో పడి రాలేదు. బండిగల ఆమె చీపురు తిరగేసి కారు బానెట్టు మీద నాలుగు బాదింది. ఆమె మైకు భార్య.

"దిగరా! నా బండి ముట్టుకుని చూడు!"

మైకు అద్దం దించాడు. "నేనేనే!"

ఆమె చీపురు గాల్లోనే ఆగిపోయింది. "వాడి కార్లో నువ్వేంటి? అమ్ముడుపోయావా?"

"ఎవడి కారు?"

"ఏడాదిగా మా నడుములిరగ్గొడుతున్నవాడి కారు! నాయకుడివి, నీకు తెలీదా? ఎలా తెలుస్తుందిలే. అంతా అయిపోయాక గదా నువ్వు ఉపన్యాసానికి దిగేది!"

మైకుకు కోపం ముంచుకొచ్చింది. అది ఎవరిమీదో తెలియక కారు మీద చూపించాడు. రయ్యిమని వెనక్కి తిప్పి, కంచె పాతాల్సిన చోటే పేవ్‌మెంటు మీదికి ఎక్కించి ఆపాడు.

అప్పుడే ఇనుప స్తంభాల లారీ వచ్చింది. మేస్త్రీ దిగి, ఖాళీ పేవ్‌మెంటు చూసి, కారు చూసి, నల్లద్దానికి సెల్యూట్ కొట్టాడు.

"సార్, బండి కాస్త పక్కకి తీస్తే గుంతలు తవ్వుకుంటాం."

లోపల మైకు జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. నోరు తెరిచే బదులు పళ్ళు కొరుకుతూ హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. కూలీల చేతుల్లోంచి గడ్డపారలు జారిపడ్డాయి.

"సార్ మంచి కాక మీదున్నార్రోయ్! ఎక్కండి, ఎక్కండి! రేపు చూద్దాం!"

లారీ పోయింది. అసలు అధికారి ఆ రోజంతా షోరూములో తన సరికొత్త కారుకు రంగు ఎంచుకుంటున్నాడు. సాయంత్రం స్టే వచ్చింది. వ్యాపారులంతా చేరి చేతులెత్తి తీర్మానించారు: కారు అక్కడే కాపలాగా ఉండాలి, అంగుళం కదలకూడదు. వ్యతిరేకించింది మైకు ఒక్కడే.

ఇప్పుడాయన బస్సులో తిరుగుతున్నాడు. కొత్త కారెలా ఉందని ఎవరైనా అడిగితే, "కదలనంతసేపూ బాగుంది" అంటున్నాడు.