చాలన్నా వడ్డించే వెబ్‌సైటు

వచ్చిన చుట్టాన్ని కదలనివ్వకుండా ఆపగల శక్తులు ఈ భూమ్మీద మొన్నమొన్నటిదాకా రెండే ఉండేవి: కుండపోత వాన, కోనసీమ ఇల్లాలు. రెండువేల మూడు వేసవిలో మూడోది అమలాపురంలో అవతరించింది. అది ఎండుకొబ్బరి వ్యాపారి బంగారరాజుగారి వెబ్‌సైటు.

అంతకుముందు ఆ సైటులో ఉన్నది ఒకే పేజీ. ఆ రోజు రేటు, కింద ఫోన్ నంబరు. సైటు కట్టిన ఇంటర్నెట్ సెంటరు శామ్యూల్ ఒకరోజు లెక్కలు తీసి, వచ్చినవాళ్ళు అర నిమిషం కూడా ఉండకుండా వెళ్ళిపోతున్నారని తేల్చాడు. (వెళ్ళిపోయి ఫోన్ చేస్తున్నారు. ఆ సంగతి లెక్కల్లోకి రాదు.) బంగారరాజుగారి ముఖం మాడిపోయింది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళు మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోతుంటే ఇక ఆ ఇంటి పరువేం కావాలి? పైగా గోడౌన్ నిండా సరుకుంది. వానలు పడేలోపు అమ్ముడుపోకపోతే అంతా బూజే.

వెంటనే సందర్శకుల నిలుపుదల సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు ఆయన అక్కగారు రత్నమాలగారు. ఆవిడ కంప్యూటర్ని ఎన్నడూ ముట్టుకోలేదు (కాబట్టి నిష్పక్షపాతి). పెళ్ళిళ్ళలో ఆవిడ వడ్డనకి నిలబడితే, సొంతంగా లేవగలిగిన స్థితిలో బంతిలోంచి లేచినవాళ్ళు తక్కువ. ఆవిడ చేసిన మొదటి తీర్మానం: గుమ్మంలోనే రేటు చెప్పడం మర్యాద కాదు. బేరం భోజనాలయ్యాకే.

శామ్యూల్ దాన్ని అక్షరాలా అమలు చేశాడు. సైటు తెరవగానే చెంబుతో నీళ్ళు. 'కాళ్ళు కడుక్కున్నాను' అని నొక్కితేనే లోపలికి ప్రవేశం. తర్వాత ఏ ఊరు, ఎవరి తాలూకు, తాతగారి పేరేమిటి. అవన్నీ నింపితే కొబ్బరిబొండం బొమ్మ వస్తుంది. టెలిఫోన్ లైను మీద అది పైనుంచి కిందికి దిగడానికి పావుగంట పడుతుంది, పూర్తిగా దిగేదాకా లేవకూడదు (సగం తాగి వదిలేస్తే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు). ఆపైన అరిటాకు. 'ఇంకొంచెం' నొక్కితే ఒక గరిటె, 'చాలు' నొక్కితే రెండు గరిటెలు. 'చాలు' అని ముమ్మారు మొత్తుకుంటే అప్పుడు పెరుగు. రేటూ, ఫోన్ నంబరూ ఆ తర్వాతే. మధ్యలో సైటు మూసేయబోతే 'అప్పుడేనాండి?' అని అడుగుతుంది. దాని కింద రెండే బొత్తాలు: 'ఉంటాను', 'కాసేపు ఉంటాను'. లైను తెగితే మళ్ళీ కాళ్ళు కడుక్కోవడం దగ్గర్నుంచి మొదలు.

ఫలితం అద్భుతం. వచ్చినవాళ్ళు గంటలకొద్దీ ఉండిపోయారు. ఫోన్ మోగడం మానేసింది. ఇదివరకు అది పొద్దస్తమానం మోగి ప్రాణం తీసేదని, ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందని సంఘం హర్షం వ్యక్తం చేసింది. బంగారరాజుగారి భార్య పద్మావతిగారు మాత్రం రోజూ గోడౌన్ తలుపు తీసి, వాసన చూసి, మళ్ళీ వేసి వచ్చేవారు. ఆవిణ్ణి చూస్తే రాజుగారి గుమస్తానైన నాకు నిజంగానే భయం వేసేది.

తొలకరి పడిన రోజు ఫోన్ మోగింది. హైదరాబాద్‌లో ఓ నూనె మిల్లుకి సరుకు కొనే రెబెకాగారు. రాజుగారు ముందు భోజనం చేశారా అని అడిగారు. చేశానని, అది చెప్పడానికే ఫోన్ చేశానని ఆవిడ అన్నారు. గోడౌన్ మొత్తం కొనేద్దామనే ఆవిడ సైటులోకి వచ్చారట.

"మాది రాజోలండి. ఆకు ముందు కూర్చున్నాక మధ్యలో ఎలా లేస్తామండి? పెరుగు దాకా వచ్చేను. ఈలోగా మా మేనేజరుగారు పి.గన్నవరంలో ఎవరిదో సైటు చూసి మొత్తం సరుకు వాళ్ళ దగ్గరే కొనేసేరండి."

ఆ సైటులో అంత గొప్పగా ఏముందని రాజుగారు అడిగారు.

"ఏం లేదండి. రేటూ, ఫోన్ నంబరూను. మీ మర్యాదకి మాత్రం వంక పెట్టడానికి లేదండి."

వాళ్ళెంతకిచ్చారో కూడా ఆయన అడిగారు. రాజుగారు అడగదలచుకున్న రేటుకన్నా అది ఎక్కువే.

ఫోన్ పెట్టేసి ఆయన వానకేసి చూస్తూ కూర్చున్నారు. పద్మావతిగారు గోడౌన్ దాకా వెళ్ళి, ఈసారి తలుపు తీయకుండానే వెనక్కి వచ్చి, పీట మీద కూర్చుని ఏడ్చారు. నేను అక్కడే ఉన్నాను. కాసేపటికి రాజుగారు తేరుకుని శామ్యూల్‌కి ఫోన్ చేశారు.

"ఆయ్, లోపం దొరికిందయ్యా శామ్యూలూ. పెరుగు తరవాత తాంబూలం పెట్టలేదు మనం."