రెండు గుటకల ఆలస్యం

గ్రనడాలో అన్సెల్మోకి కళ్ళద్దాల దుకాణం ఉంది. ఊళ్ళో సగం మంది చూపు ఆయన చేతుల మీదుగా బాగుపడింది కాబట్టి, దేన్నయినా కళ్ళారా చూడాలే తప్ప చెవులతో విని నమ్మకూడదని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతానికి సొంత ఇంట్లోనే ఆదరణ లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, రెండో మనిషి ఆయన భార్య విసిటాసియోన్. ముద్దుగా విసి. ఆయనకి తెలుగు వచ్చి ఉంటే, ఆ పేరు చివర 'గింపు' తగిలించి పిలిచేవాడేమో గానీ, ఆమె అదృష్టం కొద్దీ రాదు.

జూన్ నెలలో ఓ ఆదివారం సాయంత్రం ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడబోయే మ్యాచ్ మామూలుది కాదు. గెలిస్తే పెద్ద జట్ల సరసన పై డివిజన్‌లోకి వెళ్తుంది. సమం చేసినా చాలదు, గెలవాల్సిందే. దాన్ని చూపించే ఛానెల్‌ని విసి పోయిన చలికాలమే తీయించేసింది. ఇక మిగిలిన దారి బార్ ఒక్కటే.

"మ్యాచ్ వద్దని నేనెప్పుడన్నాను? వంటింట్లో రేడియో ఉందిగా. నీ చెవులు రెండూ బాగానే ఉన్నాయి" అంది విసి.

"రేడియోలో మ్యాచ్ వినడమంటే ఫోటోలో భోజనం చేయడమే విసీ."

"మంచిదేగా. ఫోటోలో కొవ్వుండదు."

అసలు గొడవ ఈ కొవ్వు దగ్గరే ఉంది. గ్రనడాలో బీరు అడిగితే బీరు ఒంటరిగా రాదు. వెంట ఓ చిన్న పళ్ళెం వస్తుంది, ఉచితంగా. మొదటి గ్లాసుతో ఆలివ్ కాయలు వస్తే, రెండో దానితో వేయించిన చేపలు, మూడో దానితో నూనెలో మునిగిన పంది మాంసం. గ్లాసు గ్లాసుకీ పళ్ళెం బలుస్తుంది. వద్దంటే యజమాని నొచ్చుకుంటాడు. అన్సెల్మో ఎవరి మనసూ నొప్పించే రకం కాదు. ఆ మంచితనమంతా రక్తనాళాల్లో పేరుకుపోయిందని మార్చి నెలలో డాక్టరమ్మ తేల్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఉడకబెట్టిన ఆకుకూర, వీధిలో బార్ గడప తొక్కకూడదని ఆంక్ష.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, రోజూ సాయంత్రం నడవమని. మన అన్సెల్మో పథకం అక్కడ పుట్టింది.

సోమవారం నుంచి ఆయన నడక మొదలుపెట్టాడు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది" అని విసి మురిసిపోయి, నీళ్ళ సీసా నింపి ఇచ్చి పంపింది. ఆయన మలుపు తిరిగే వరకు ఆరోగ్యం కోసం నడిచాడు. తర్వాత బార్ కోసం నడిచాడు. ఆయనకి కావలసిన బార్‌లో తెర పెద్దదిగా ఉండాలి, చూపుకి అడ్డం ఉండకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా విసిని ఎరిగిన మనిషి ఒక్కరూ కనపడకూడదు.

మొదటి బార్‌లో తెర బ్రహ్మాండంగా ఉంది. దాని ముందు ఎండబెట్టిన పంది కాళ్ళు వరసగా వేలాడుతున్నాయి. కుడివైపు గోల్‌పోస్టు సరిగ్గా మూడో కాలి వెనక పడింది. "ఆ ఒక్క కాలూ పక్కకి జరపొచ్చుగా?" అని అన్సెల్మో అడిగాడు. "అది మా నాన్న వేలాడదీసిన చోటు" అన్నాడు యజమాని. ఇక ఆ విషయం మీద చర్చకి తావులేకపోయింది.

రెండో బార్‌లో వేరే ఊళ్ళ మ్యాచ్ ఒకటి మంచి రసపట్టులో ఉండగా మేడ మీది నుంచి యజమాని తల్లి దిగివచ్చి, ఛానెల్ మార్చి ఎద్దుల పోరు పెట్టుకుంది. నలభై మంది మగవాళ్ళు ఆమెకి కుర్చీ వేసి ఎద్దులు చూశారు.

మూడోది చాలా బాగుంది గానీ, దాని ఎదురుగా ఇంకో బార్ ఉంది. ఇక్కడే ఆ ఊరి మగవాళ్ళందరికీ తెలిసిన చిక్కు ఉంది. ఒక్కో టీవీకి బొమ్మ ఒక్కో వేళకి చేరుతుంది. మన తెర మీద ఆటగాడు బంతిని ఇంకా చూస్తూనే ఉంటాడు, ఎదుటి బార్‌లో జనం గోల్ అని గంతులేస్తుంటారు. అన్సెల్మో లెక్క ప్రకారం ఆ తేడా రెండు గుటకల బీరు. పెళ్ళివిందుకి భోజనాలయ్యాక వెళ్ళినట్టుంటుందని ఆయన దాన్నీ కొట్టేశాడు.

నాలుగో బార్‌లో అన్నీ కుదిరాయి. స్టూలు మీద కూర్చుని తృప్తిగా నిట్టూర్చేసరికి వంటగది కిటికీలోంచి ఓ తల బయటికి వచ్చింది. విసితో చర్చిలో పాడే ఫిలోమేనా.

"అన్సెల్మో! నువ్విక్కడేంటి? విసి బాగుందా?"

"నీ కోసమే వచ్చాను ఫిలోమేనా. మొన్న చర్చిలో పాటల పుస్తకం దూరంగా పెట్టుకుని చదువుతున్నావు. చూపు పరీక్ష చేద్దామని..."

మర్నాడు పొద్దున్నే ఫిలోమేనా తన ఇద్దరు చెల్లెళ్ళనీ వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. ముగ్గురికీ ఉచితంగా పరీక్ష చేశాడు. ముగ్గురి చూపూ నిక్షేపంగా ఉంది.

శనివారానికి గానీ హెనీల్ నది అవతల 'కందిరీగ' అనే బార్ దొరకలేదు. ఎదురుగా బడి గోడ, పక్కన మూతపడ్డ మంగలి షాపు. గోడంత తెర. యజమాని పేరు ఇలారియో. ఆయన మాట్లాడడు. కౌంటర్‌ని గుడ్డతో ఓసారి తుడిస్తే సరేనని, రెండుసార్లు తుడిస్తే కుదరదని అర్థం. రేపు మూలనున్న స్టూలు నాకు ఉంచుతావా అని అన్సెల్మో అడిగితే ఒక్కసారే తుడిచాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆకుకూర ముందు కూర్చుని అన్సెల్మో గొంతు తగ్గించాడు.

"ఎర్మోహెనెస్ పోయాడు విసీ."

"ఏ ఎర్మోహెనెస్? మీ దగ్గర అద్దాలు అరగదీసే ఎర్మోహెనెసా?"

"పాపం, వాడే."

"వాడు రెండేళ్ళ కింద, ఆ కప్పు ఫైనల్ రోజు పోయాడుగా?"

"అది వాళ్ళన్న."

"అన్న పేరూ ఎర్మోహెనెసేనా?"

"వాళ్ళ నాన్నకి పేర్లు తట్టేవి కావు."

విసి చెంచా కింద పెట్టింది. "అయ్యో, అయితే నేనూ వస్తాను."

"వద్దొద్దు! ఇంటివాళ్ళు మాత్రమేనట."

"మరి నువ్వు?"

"ఆఖరి చూపు విసీ! ఆఖరి చూపు దగ్గర కళ్ళద్దాలవాడు లేకపోతే ఏం బాగుంటుంది?"

విసి ఆయన వంక కాసేపు చూసింది. తర్వాత లేచి నల్ల సూటు తీసి, ఇస్త్రీ చేసి, నల్ల టై కూడా తనే కట్టింది, కాస్త బిగించి మరీ.

ఆ ఎండలో, ఎర్ర తెలుపు చారల చొక్కాలతో కిక్కిరిసిన కందిరీగలో, నల్ల సూటూ నల్ల టైతో అన్సెల్మో మూలనున్న స్టూలు ఎక్కాడు.

"ఎవరు పోయారన్నా?" అని పక్కన కూర్చున్న లావుపాటాయన జాలిగా అడిగాడు.

"ఇంకా ఎవరూ పోలేదు" అన్నాడు అన్సెల్మో.

ఆట మొదలైంది. మొదటి గ్లాసూ, ఆలివ్ కాయలూ అయ్యాయి. రెండో గ్లాసుతో ఇలారియో వరస తప్పించి ఏకంగా వేయించిన పంది మాంసమే పెట్టాడు. బహుశా ఆ దుస్తులు చూసి మనసు కరిగి ఉంటుంది. అన్సెల్మోకి కళ్ళు చెమర్చాయి. అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"ఎలా ఉన్నారు ఆ ఇంటివాళ్ళు?" అంది విసి.

"ఏం చెప్పమంటావు" అన్నాడు అన్సెల్మో, ఫోన్ చుట్టూ చేయి అడ్డుపెట్టి. "ఏడుస్తున్నారు."

"గ్లాసుల చప్పుడేంటి?"

"శవాన్ని ఉంచిన చోట క్యాంటీన్ ఉంటుందిగా. అక్కడున్నాను." నిజంగానే ఆ దేశంలో ఉంటుంది కాబట్టి ఈ అబద్ధం కాస్త నిలబడింది.

"మరి ఆ ఈల?"

"వాళ్ళ మనవడు. చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు."

"సరే, ఒక్క క్షణం లైన్లో ఉండు." అవతల ఏదో గరగరమంది. అన్సెల్మో ఊరిలోని బార్లన్నిటి గుటకలూ లెక్కపెట్టాడు గానీ, వంటింటి రేడియోని లెక్కలోకే తీసుకోలేదు. ఆట అన్ని తెరలకంటే ముందు చేరేది దానికే. దాన్ని ఆయన ఎప్పుడూ మనిషిగా చూడలేదు. మళ్ళీ విసి గొంతు వచ్చింది. "అన్సెల్మో, ఇప్పుడు నువ్వు అరుస్తావు."

"నేనెందుకరుస్తాను? ఇలాంటి చోట ఎవరైనా..."

తెర మీద బంతి వలలో పడింది. కందిరీగ పైకప్పు లేచిపోయింది. నల్ల సూటులోని మనిషి స్టూలు మీద లేచి నిలబడి, ఫోన్ చేత్తో పట్టుకునే, "గోఓఓఓల్!" అని ఊపిరున్నంతసేపూ అరిచాడు. ఊపిరి అయిపోయాక ఫోన్ గుర్తొచ్చింది.

"ఎర్మోహెనెస్ లేచి కూర్చున్నాడా?" అని అడిగింది విసి.

అన్సెల్మో మెల్లగా స్టూలు మీంచి దిగాడు. "విసీ, ఇది..."

"యజమానికివ్వు."

ఇలారియో ఫోన్ అందుకున్నాడు. అప్పుడు ఆ బార్‌లో ఎవరూ ఎన్నడూ వినని ఉపన్యాసం వినిపించింది. "అవునమ్మా. తిన్లేదమ్మా, ఒక్క ముక్కే. అలాగేనమ్మా. ఉప్పు లేకుండానమ్మా." ఫోన్ తిరిగిచ్చి, పంది మాంసం పళ్ళెం తీసేసి, దాని స్థానంలో లేత పచ్చి ఆకులు నాలుగు తెచ్చి పెట్టాడు. లావుపాటాయన తన చేపల పళ్ళెం మర్యాదగా అవతలికి జరుపుకున్నాడు.

"ఫోన్ పెట్టేశావో, అక్కడికే వస్తాను" అంది విసి. "చూడాలన్నావుగా, చూడు. నేనిక్కడ వింటూ ఉంటాను. కార్నర్ దొరికింది. పైనుంచి పోయింది."

తెర మీద ఆటగాడు కార్నర్ కోసం బంతిని అప్పుడే జాగ్రత్తగా పెడుతున్నాడు. అది నిజంగానే పైనుంచి పోయింది. లావుపాటాయన తెర వంకా, ఫోన్ వంకా మార్చి మార్చి చూశాడు.

"ఈవిడెవరు, జ్యోతిష్యురాలా?"

"నా భార్య" అన్నాడు అన్సెల్మో. ఆ జవాబుకి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

రెండో సగంలో విసి చల్లగా అంది, "గుండె పట్టుకో అన్సెల్మో. ఒకటి-ఒకటి." బార్ అంతా ముందే గుండె పట్టుకుని, అవతలి జట్టు గోల్‌ని తర్వాత చూసింది. అంతటితో తెర పరువు పోయింది. "ఆ ఫోన్ ఇటు పెట్టన్నా!" అని ఒకరు, "గట్టిగా చెప్పమను అక్కని!" అని ఇంకొకరు. ఇలారియో ఖాళీ గ్లాసు తెచ్చి ఫోన్ అందులో నిలబెట్టాడు. గ్లాసులోంచి విసి గొంతు గుడిగంటలా బార్ అంతా మోగింది.

"తొమ్మిదో నంబరువాడికి ఇంట్లో ఎవరూ అన్నం పెట్టట్లేదా? మూడోసారి పడ్డాడు. అరెరె, వాణ్ణి వదిలేశారేంటి? హమ్మయ్య, గోల్‌కీపర్ పట్టాడు."

ఊరంతా గాలించి సంపాదించిన గోడంత తెరకి వీపులు తిప్పేసి, అరవై మంది ఒక బీరు గ్లాసు చుట్టూ మూగారు. అన్సెల్మోకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అడుగున ఎక్కడో కాస్త గర్వం కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో విసి ఆట గురించి ఇంత బాగా మాట్లాడుతుందని ఆయనకి తెలియనే తెలియదు. ఎప్పుడూ అడిగితేగా!

ఆఖరి నిమిషాలొచ్చాయి. ఇంకా ఒకటి-ఒకటే. "మనవాళ్ళు బయల్దేరారు" అంది గ్లాసు. "ఎడమ పక్కనుంచి వస్తున్నారు. ఒకణ్ణి దాటాడు. ఇంకొకణ్ణి..."

అక్కడితో గొంతు ఆగిపోయింది. రేడియో గరగర కూడా లేదు.

"విసీ?" అన్నాడు అన్సెల్మో.

జవాబు లేదు. "లైన్ పోయింది" అన్నారెవరో. లైన్ పోలేదు, ఫోన్ వెలుగుతూనే ఉంది. విసికి బీపీ ఉంది. ఇంట్లో ఒక్కతే ఉంది. ఈ ఆట గుండెలకి మంచిది కాదని రోజూ చెప్పేది ఆమే. అన్సెల్మో గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, ముఖం దాదాపు అందులో పెట్టేశాడు. "విసీ! ఏమైంది? మాట్లాడు విసీ!"

ఆయన వెనక కందిరీగ బద్దలైంది. ఎవరో ఆయన్ని ఎత్తారు, ఎవరో బుగ్గల మీద ముద్దు పెట్టారు, లావుపాటాయన ఏడుస్తూ ఆయన నల్ల టైతో కళ్ళు తుడుచుకున్నాడు. ఊరి జట్టు పైకి వెళ్ళింది. ఆ గోలలోంచి గ్లాసులో చిన్నగా ఓ గొంతు వినిపించింది.

"చూశావా?"

"విసీ! బాగానే ఉన్నావా? ఎందుకు ఆగిపోయావు?"

"రేడియో కట్టేసి నోరు నొక్కుకున్నాను. ముందే చెప్పేస్తే ఇంకేం చూస్తావు? ఇంత కష్టపడి వెతుక్కున్నావుగా. ఈ ఒక్కటైనా నీ కళ్ళతో చూస్తావని." ఆమె గొంతు మెత్తబడింది. "ఎలా వేశాడు? చెప్పు."

అన్సెల్మో తెర వైపు తిరిగితే అన్నీ తలకాయలే, ఒక్క గడ్డిపరక కూడా కనపడలేదు.

"అబ్బో! అద్భుతం విసీ. ఎడమకాలితో. దూరం నుంచి. బాణంలా మూలకి... కళ్ళారా చూశాను."

"అలాగా. నేను రేడియో కట్టేసింది గోల్ విన్నాకే అన్సెల్మో. తలతో వేశాడు."

ఇలారియో కౌంటర్ రెండుసార్లు తుడిచాడు.

"చూడలేదు" అన్నాడు అన్సెల్మో చివరికి. "నువ్వు మాట్లాడకపోయేసరికి నీకేమైందోనని ఈ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయాను."

అవతల మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి రెండు గుటకలకంటే చాలా ఎక్కువసేపు.

"విసీ? ఉన్నావా?"

"ఉన్నాను. ఇంటికి రా. గుడ్డు వేయిస్తాను, నూనెలోనే."

"రెండు?"

"అన్సెల్మో."

"ఒకటే. ఒకటి చాలు" అని, ఆయన మిగిలిన పచ్చి ఆకు కూడా నోట్లో పెట్టుకుని బయల్దేరాడు.