సాల్మన్ మాస్టారి పారిటీ చెక్

కాస్త ముందుకు జరగండి. ఆ గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ఇటు రండి, ఇది అరిచి చెప్పే సంగతి కాదు. మొగల్తూరులో సాల్మన్ మాస్టారి ఇంటిముందు మే నెలలో ఒక పొద్దున నలభై మంది పూలదండలు పట్టుకుని కూర్చున్నారు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ పోలేదు. అయినా కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో మొదటినుంచీ చెబితే గానీ తెలియదు.

సాల్మన్ మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భార్య బేబిగారు పోయి మూడేళ్లు. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే వెనక బెంచీ పిల్లలు కూడా అల్లరి మానేసేవారు. ఆ పాటలు అరవై దాకా మాస్టారు సర్వర్లో దాచుకున్నారు. సర్వరంటే భయపడకండి, బియ్యం డబ్బా అంత పెట్టె. లోపల ఐదు డిస్కులు. నాలుగింట్లో సామాను ఉంటుంది, ఐదోదాంట్లో ఆ నాలుగింటి లెక్క ఉంటుంది. ఒక డిస్కు చచ్చిపోయినా, మిగతావి ఆ లెక్క చూసుకుని పోయినదాన్ని మళ్లీ రాసిస్తాయి. రెండు పోతే మాత్రం ఏమీ చేయలేవు. ఆ లెక్క సరిగా ఉందో లేదో నెలకోసారి మొత్తం సరిచూడాలి. దాని పేరే పారిటీ చెక్. పాటల్ని ఇంకెక్కడైనా కూడా పెట్టండి నాన్నా అని కూతురు క్రిస్టినా ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా అశ్రద్ధే అవుతుందని ఆయన వాదం.

అలాంటి పెట్టే, అదే రోజు, అదే కొట్లో కొన్నవాడు ఇంకొకడున్నాడు. రొయ్యల చెరువుల గంగయ్య. చెరువుగట్టు కెమెరాల్లో పడిందంతా అందులో దాచుకుంటాడు. ప్రతి ఒకటో తారీఖునా ఇద్దరికీ ఫోనులో ఇదే మాట.

"ఎంతొచ్చింది మాస్టారూ?"

"నూట పదండీ. మీకు?"

"నూట ఎనభై రెండు."

సెకనుకి ఎన్ని ఎంబీలు సరిచూసిందన్నదే ఆ అంకె. మూడేళ్లుగా మాస్టారికి నూట పదే, గంగయ్యకి నూట ఎనభై రెండే. ముప్పై ఏళ్లు పిల్లలకి మార్కులు వేసిన మనిషికి ప్రతి నెలా తక్కువ మార్కులు రావడం ఎంత కష్టమో మీరే ఆలోచించుకోండి.

ఆ మే నెలలో ఒక డిస్కు కిరకిరమనడం మొదలుపెట్టింది. మాస్టారు కొత్త డిస్కు తెప్పించారు. మార్చేముందు లెక్క సరిగా ఉందో లేదో ఒకసారి చూసుకోమని కొట్టువాడు చెప్పాడు. రాత్రిళ్లు కరెంటు నిలకడగా ఉండదు, మర్నాడు పగలు చూద్దామంటే, మధ్యాహ్నం రెండింటికి లైను మరమ్మతు, సాయంత్రం దాకా కరెంటు ఉండదన్నారు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే గంగయ్య స్పీడులో పన్నెండున్నరకి అయిపోతుంది. మాస్టారి స్పీడులో నాలుగు దాటుతుంది. ఆ కిరకిర ఇంకో రోజు ఆగుతుందన్న నమ్మకం ఆయనకి లేదు.

"వేడండీ మాస్టారూ," అన్నాడు గంగయ్య. "మాది ఏసీ గది. మీ పెట్టె ఈ ఎండలకి ఉడికిపోతోంది."

ఏసీ లేని ఇంట్లో చల్లగా ఉండే చోటు ఏదా అని మాస్టారు సాయంత్రమంతా ఆలోచించారు. చర్చి యువజనుల దగ్గర ఒక ఫ్రీజర్ బాక్సు ఉంది. ఊళ్లో ఎవరైనా పోతే, దూరంనుంచి పిల్లలొచ్చేదాకా మనిషిని అందులో ఉంచుతారు. అది విజయ్ పాల్ చేతికింద ఉంటుంది. మాస్టారు ఫోను చేశారు.

"బాబూ, రేపు పొద్దున్నే మా ఇంటికి బాక్సు కావాలి."

విజయ్ పాల్ గొంతు తగ్గిపోయింది. "అయ్యో. అలాగేనండీ మాస్టారండీ. ఇంకేమీ చెప్పకండి."

చెబుదామనుకున్న మాస్టారు కూడా సరేలే అని ఊరుకున్నారు. మన వైపు మర్యాద మీకు తెలిసిందే. బాక్సు అడిగిన ఇంటిని ఎవరికని అడగరు. వెళ్లి కూర్చుంటే అదే తెలుస్తుంది.

ఆరింటికల్లా బాక్సు వచ్చి ముందుగదిలో దిగింది. మోసుకొచ్చినవాళ్లు చెప్పులు విప్పి, తల వంచుకుని, లోపలికి చూడకుండా వెళ్లిపోయారు. మాస్టారు సర్వరుని అందులో పడుకోబెట్టారు. మూతసందులోంచి వైర్లు బయటికి లాగి తెరకి తగిలించారు. చలి పోకుండా పైన తెల్లదుప్పటి కప్పి, తలుపు వేసి, బాక్సు వెనక పీట వేసుకుని కూర్చున్నారు. క్రిస్టినాని ఐసు దిమ్మల కోసం నరసాపురం పంపారు. ఆమె ఆటో అటు వెళ్లిందో లేదో, ఎవరో పోయినప్పటిలా చర్చి గంట ఒక్కొక్కటిగా మోగింది. అది విజయ్ పాల్ పనే.

ముందు వచ్చినవాళ్లు మాస్టారి అత్తగారు, అంటే బేబిగారి తల్లి, చిన్నమ్మాయిగారే పోయి ఉంటారనుకున్నారు. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్లు. తీరా వస్తే ఆవిడ అరుగుమీదే కూర్చుని ఉన్నారు. దండలు చూసి ఆవిడ ఏడ్చారు, ఆవిడ ఏడవడం చూసి వీళ్లు ఏడ్చారు. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా ఆ తల్లి బేబి కోసమే ఏడుస్తుంది. ఎవరు పోయారని ఆవిడా అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

"మరైతే ఎవరండీ?" అని ఒకావిడ పక్కావిడ చెవిలో అడిగింది.

"పిల్ల కనపడట్లేదు చూడు."

సరిగ్గా అప్పుడే లోపలినుంచి మాస్టారి నవ్వు వినిపించింది. ఆయన ఎప్పుడూ చెక్ పూర్తయ్యాకే అంకె చూసే మనిషి. కాగితం సగం దిద్ది మార్కులు వేయడం ఆయన చేత కాదు. ఆ రోజే మొదటిసారి మొదటినుంచీ చూస్తున్నారు. తెరమీద నూట ఎనభై ఒకటి కనపడింది. ఫ్రీజరు పనిచేసిందని ఆయన పీటమీద కూర్చునే తొడ చరుచుకున్నారు.

"పాపం, మతి పోయింది," అంది పక్కావిడ. "ఒక్కగానొక్క కూతురు!"

ఏడుపు పెరిగింది. తొమ్మిదింటికి ఆటోలో ఐసు దిమ్మలతో క్రిస్టినా దిగింది. ఉన్న ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. పిల్ల కూడా బతికే ఉంటే ఇక మిగిలింది ఎవరు? లోపలినుంచి నవ్వు వినిపించి రెండు గంటలైంది. ఇంటిముందు దండలు చూసిన క్రిస్టినా కూడా అదే లెక్క వేసుకుంది. "నాన్నా!" అని కేకపెట్టి లోపలికి పరుగెత్తింది. బయట అందరూ భోరుమన్నారు.

మాస్టారు పీటమీద భద్రంగా ఉన్నారు.

"తలుపు వెయ్యమ్మా, చలి పోతోంది."

"నాన్నా, బయట నలభై మంది ఉన్నారు!"

"ఎందుకు?"

"మీరు పోయారని!"

"తర్వాత మాట్లాడదాంలే. నూట నలభైకి పడిపోయింది. ఆ ఐసు ఇలా తే."

పోనీ బయటికి వెళ్లి చెబుదామంటే, క్రిస్టినాకి మొహం చెల్లలేదు. చేలో పని వదిలేసి వచ్చినవాళ్లున్నారు. కంప్యూటరుకి వేడి చేసిందని వాళ్లకి ఏ నోటితో చెబుతుంది? ఐసు కొట్టి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, సర్వరు చుట్టూ పేర్చింది. మాస్టారు గంట గంటకీ ఇంకో సంచి పెట్టమనేవారు. అంకె మాత్రం నూట ముప్పై, నూట ఇరవై అంటూ దిగుతూనే ఉంది.

ఒంటిగంటన్నరకి గంగయ్య వచ్చాడు. గజమాలంత దండ తెచ్చాడు. ప్రాణస్నేహితుడని జనం దారి ఇచ్చారు. క్రిస్టినా వంటింట్లో మిగిలిన ఐసు కొడుతోంది. గంగయ్య తలుపు తోసుకుని వెళ్లి, తెల్లదుప్పటి మీద దండ వేసి, బాక్సుకి తల ఆనించాడు.

"మాస్టారూ, మీకు అన్యాయం చేశానండీ. నా నూట ఎనభై రెండు అబద్ధమండీ. మొదలెట్టిన నిమిషంలో ఉండే అంకె అది. తర్వాత అదీ మీదానిలాగే దిగిపోద్ది. నేను ఆ అంకె చూసేసి చెక్ ఆపేసేవాణ్ణి. మూడేళ్లలో ఒక్కసారి కూడా పూర్తి చేయలేదండీ. మీరు బాధపడుతుంటే నాకు సరదాగా ఉండేదండీ..."

బాక్సు వెనకనుంచి సాల్మన్ మాస్టారు లేచి నిలబడ్డారు.

గంగయ్య అరిచిన అరుపుకి కిటికీ దగ్గరివాళ్లు అరుగుమీద పడ్డారు, అరుగుమీదివాళ్లు వీధిలో పడ్డారు. సర్దుకుని, తలుపు పూర్తిగా తెరిచి, మాస్టారిని తడిమి చూసుకునేసరికి పావుగంట పట్టింది. తిట్టినవాళ్లు తిట్టారు. దండలు ఎవరికి వెయ్యాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడినవాళ్లు నిలబడ్డారు. మాస్టారు మాత్రం తెరమీద నూట రెండు చూస్తున్నారు. ఐసు దండగ, బాక్సు దండగ, అందరి పెట్టెలూ ఒకటే. మధ్యాహ్నం రెండయ్యేలోపు చెక్ పూర్తికాదు.

చిన్నమ్మాయిగారు కర్ర ఊతంతో లోపలికి వచ్చారు.

"ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది అల్లుడుగారూ?"

"బేబి పాటలండీ అత్తయ్యగారూ."

"మా అమ్మాయి పాటలా? మరి పెట్టండి, వింటాను."

"ఇప్పుడు పెడితే స్పీడు తగ్గిపోతుందండీ."

"ఇంకా స్పీడేంటండీ మాస్టారూ!" అన్నాడు గంగయ్య, కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారి చేయి మీటలమీద ఆగిపోయింది. మూడేళ్లలో ముప్పై ఆరు సార్లు ఆ పాటలు భద్రంగా ఉన్నాయో లేదో సరిచూశారు. ఒక్కసారి కూడా వినలేదు. వినే ధైర్యం లేకే అన్నిసార్లు సరిచూశారేమో, ఆ సంగతి నేను ఆయన్ని అడగలేదు.

పాట మొదలైంది. ముందు చిన్న దగ్గు, ఆ తర్వాత గొంతు. తెరమీద అంకె పదిహేనుకి పడిపోయింది. ఎవరూ అటు చూడలేదు. ఇంటిముందున్న నలభై మందీ ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోయారు. మొదటి చరణం అయింది. రెండో చరణం ఎత్తుకుంటూ ఆవిడ గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. సరిగ్గా రెండింటికి కరెంటు పోయింది.

సాయంత్రం కరెంటు వచ్చాక చూస్తే కిరకిరలాడిన డిస్కు లేవలేదు. దానికి లెక్క చూసుకుని తిరిగి రాసే దారి ఉంది. కానీ సంచుల్లోంచి కారిన ఐసునీళ్లు పక్క డిస్కులోకి కూడా వెళ్లాయి. నేను చెప్పానుగా, రెండు పోతే ఏమీ చేయలేరు. తర్వాత రాజమండ్రిలో డిస్కులు బాగుచేసే ఇద్దరికి చూపించారు. ఇద్దరూ పెదవి విరిచారు. ఆ రోజు సాయంత్రం మాత్రం ఎవరూ నేరుగా ఇళ్లకి వెళ్లలేదు. పొద్దున తెచ్చిన దండలన్నీ తీసుకెళ్లి బేబిగారి సమాధిమీద వేసి వచ్చారు.

ఈ మధ్య చావింటికి వెళితే, దూరాన ఉన్న చుట్టాల కోసం ఎవరో ఒకరు ఫోనులో వీడియో తీస్తున్నారు కదా. ఆ రోజు కిటికీ దగ్గర విజయ్ పాల్ తీశాడు. అందులో ఒక చరణం, రెండోదానికి ఆవిడ గాలి పీల్చుకున్న చప్పుడు ఉన్నాయి. మధ్యలో గంగయ్య చీదడం, చిన్నమ్మాయిగారు "కాస్త గట్టిగా పెట్టండి" అనడం కూడా పడ్డాయి. మాస్టారు దాన్ని రోజూ వింటారు. క్రిస్టినా దాన్ని పదకొండు మందికి పంపి ఉంచింది. ఆయన వద్దనలేదు.

ఇది మనసులో పెట్టుకుని మీవాళ్లకి కూడా చెప్పండి. వినేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. ఏడవాల్సిన నలభై మందీ ముందే వచ్చి ఏడ్చి వెళ్లారు.